పాలుకిచ్చిన బర్రె

మెదక్ అంగడిలో పశువును కొనేవాళ్లు నోరు తెరిచి పళ్లు చూస్తారు. బద్రుద్దీన్ వంగి పేడ చూసేవాడు.

పళ్లు వయసు చెబుతాయి గానీ ఇల్లు చెప్పవు, పేడ ఇల్లు చెబుతుంది అనేది అతని లెక్క. పచ్చగా పలచగా పరుచుకుంటే అది హవేలిఘనపూర్ కాలువ గట్ల మీద మేసిన పశువు. ఎండుపీచు తేలితే వరిగడ్డి తప్ప మరొకటి దొరకని ఇల్లు. ముద్దగా, మడతలు పడి, నున్నగా మెరిస్తే జొన్నచొప్ప, దాని మీద గానుగలో మిగిలిన పల్లిపిండి ఇంత పెట్టే చెయ్యి. కంది పొట్టు తిన్నా, పెసర కట్టె తిన్నా అందులోనే బయటపడుతుంది. అమ్మడానికి వచ్చిన రైతు తన చేను గురించి ఎంత గొప్పలు పోయినా, బద్రుద్దీన్ పుల్లతో అటూ ఇటూ కదిపి, "పెసర్లు పోయినయి గదా ఈసారి?" అనేవాడు. రైతు గొంతు దిగిపోయేది. ధర కూడా దాని వెంటే దిగేది.

తెలుగు జిల్లాలన్నీ కలిసి ఒక్క రాష్ట్రమైనప్పుడు మెదక్ హోటళ్లలో రోజుల తరబడి వాదనలు నడిచాయి. మనకు లాభమా వాళ్లకు లాభమా అంటూ అందరూ చాయ్ చల్లార్చుకునేవారు. బద్రుద్దీన్ అందులోకి పోలేదు. అతనికి రాష్ట్రమంటే ఒక పెద్ద కొట్టం. గోదావరి, కృష్ణల కింద వరి, అంటే తరగని గడ్డి. అనంతపురం దిక్కు పల్లి, అంటే పిండి. మన మెట్ట చెలకల్లో జొన్న, మక్క, కంది, కొర్ర, నువ్వు, కుసుమ, అంటే చొప్ప, పొట్టు, మళ్లీ పిండి. గుంటూరులో పొగాకు పండిస్తారని ఎవరో గొప్పగా చెబితే, "పశువు తినంది పంటెట్లయితది?" అని కొట్టిపారేశాడు. పశువుల సంగతీ అంతే. ఒంగోలు దిక్కు ఎత్తు మూపురాల తెల్ల ఎడ్లు, కృష్ణ దిక్కు కుండలు నింపే బర్రెలు, మన దిక్కు గొంగళ్లకు ఉన్ని ఇచ్చే నల్లగొర్రెలు, రాళ్ల మీద మేసి కూడా బతికే పొట్టి ఎడ్లు. ఏ గడ్డి దగ్గరికి ఏ పశువును చేర్చాలో తెలిసినవాడే వ్యాపారి, మిగతావాళ్లు ఉత్త బేరగాళ్లు.

ఆ లెక్కతోనే, చాలా ఏళ్ల తర్వాత, ఒకసారి రైలెక్కి కోస్తాకు పోయి, కృష్ణ కాలువల పక్క నుంచి ఒక పడ్డను తెచ్చాడు. ఇంకా ఈనని బర్రె. నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, బజారు తనదే అన్నట్టు నడిచింది. అతని భార్య షాజహాన్ బీ గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది బర్రెనా, ఏనుగా జీ? దీన్ని మేపాలంటే మనల్ని మనం అమ్ముకోవాలె."

"మనమెందుకు మేపుతం? పాలుకిస్త," అన్నాడు బద్రుద్దీన్.

పాలుకివ్వడం ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన పద్ధతి. పశువు ఒకరిది, మేత ఇంకొకరిది. ఈనిన తర్వాత దూడలోనూ, పశువుకు పెరిగిన విలువలోనూ ఇద్దరికీ చెరిసగం. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఉన్నవి రెండే కట్టుబాట్లు. మేపేవాడు పాలుకొచ్చిన పశువును ఆకలితో ఉంచి సొంత పశువును మేపుకోగూడదు. ఇచ్చినవాడు ఈనకముందు పశువును వెనక్కి తోలుకుపోగూడదు. తోలుకుపోతే, మేపినవాడి చెయ్యి మంచిది కాదని డప్పు కొట్టి చెప్పినట్టే. ఆ మాట ఒక అంగడిలో పుడితే చుట్టూ ఉన్న అంగళ్లన్నిటికీ పాకుతుంది. ఆ తర్వాత వాడికి ఎవరూ మేకపిల్లను కూడా ఇవ్వరు.

పడ్డ కుల్చారం దగ్గరి పల్లెలో కృపాదానం ఇంటికి చేరింది.

కృపాదానం అంతకుముందు ఇంద్రకరణ్ రెడ్డి పటేలు దగ్గర ఏళ్ల తరబడి జీతం చేసిన మనిషి. జీతమంటే నెలనెలా చేతికొచ్చేది కాదు. ఏడాదికింత ధాన్యానికి ఒప్పుకుని, కోడి కూయకముందు నుంచి పటేలు దొడ్లో, పటేలు పొలంలో, పటేలు కేకేసిన చోట ఉండటం. కృపాదానం తండ్రి ఆ దొడ్లోనే ముసలివాడయ్యాడు. కృపాదానం మాత్రం ఒక జత ఎడ్లను సంపాదించుకుని బయటపడ్డాడు. ఒకటి ఎర్రది, ఒకటి మచ్చలది, రెండూ పొట్టివే. ఇప్పించింది బద్రుద్దీనే. ఎడ్లు ఉన్నన్నాళ్లు తన చెలకను తాను దున్నుకుంటాడు. ఎడ్లు పోయిన నాడు చెలక ఉండీ లేనట్టే, మళ్లీ పటేలు దొడ్డే గతి. ఈ సంగతి కృపాదానానికి తెలుసు, అతని భార్య దీనమ్మకు తెలుసు, బద్రుద్దీన్‌కు ఇంకా బాగా తెలుసు.

చెలక చిన్నదే గానీ అందులో ఒక్క పంట వేసేవాడు కాదు. జొన్న సాళ్ల నడుమ కంది, కంది నడుమ పెసర, గట్ల వెంట ఆముదం, మూలకు దీనమ్మ అడిగిందని ఇంత కొర్ర, ఇన్ని అనుములు.

"ఒకటి వోతే ఒకటి నిలుస్తది సేటు. ఒక్కదాన్నే నమ్ముకుంటే అది చేతులెత్తేసిన్నాడు ఏం తింటం?" అనేవాడు కృపాదానం.

ఆ మాట బద్రుద్దీన్‌కు నచ్చింది. తన పద్ధతీ అదే. శివ్వంపేట దిక్కు గొర్రెలు, హవేలిఘనపూర్‌లో ఆవులు, ఇక్కడ ఈ బర్రె. ఒక చోట రోగమొస్తే ఇంకో చోట నిలుస్తాయి. మనుషుల్లో కూడా లెక్క కుదిరినవాడు దొరకడం కష్టం. ఇద్దరూ చెలక గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవారు.

డెబ్బై రెండులో బర్రె చూడి కట్టింది. ఆ ఏడే వాన మొహం చాటేసింది.

ఘనపూర్ ఆనకట్ట మీద మంజీర దుంకే చప్పుడు నిలిచిపోయింది. కాలువ అడుగు పగిలి బీటలు వారింది. జొన్న మోకాలెత్తు రాకముందే మాడిపోయింది. పెసర పూత రాలింది. కంది కొన్నాళ్లు పంతం పట్టి నిలబడి, కాయ లేకుండానే ఎండిపోయింది. ఒకటి పోతే ఒకటి నిలుస్తుందన్న చెలకలో అన్నీ కలిసే పోయాయి. గట్ల మీద ఆముదం చెట్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. వాటిని పశువు ముట్టదు.

అంగడి నిండింది. అందరూ అమ్మేవాళ్లే. బద్రుద్దీన్ కొన్నాడు. హైదరాబాదు లారీలు సాయంత్రానికి వచ్చేవి, ఎడ్లను ఎక్కించి పంపేవాడు. ఎక్కడికి పోతున్నాయని ఏ రైతూ అడగలేదు, ఏ దలాలూ చెప్పలేదు. మేత లేని పశువు ఎముకల మూట, నేను కొనకుంటే గద్దలు కొంటాయి అని తనకు తాను చెప్పుకున్నాడు. వ్యాపారం ఎన్నడూ లేనంత జోరుగా నడిచింది. అన్నం మాత్రం సయించేది కాదు.

"కుల్చారం బర్రె సంగతేంది జీ?" అన్నది షాజహాన్ బీ, రొట్టె ముందుకు జరుపుతూ. "ఆ కృపాదానం తన ఎడ్లకే గడ్డి లేక పరేషానయితుండు. పోయి తోలుకరాండ్రి."

"ఎట్ల తోలుకొస్తనే? ఈననే లేదు. ఇప్పుడు ఇప్పుకొస్తే వాని చెయ్యి మంచిది కాదంటరు."

"అంటే అననీయండ్రి. మాటకు మనిషి సస్తడా?"

"నీకు తెల్వదు."

"అవ్, నాకు తెల్వదు. లెక్కలన్నీ మీకే తెలుసు."

ఆమె లోపలికి పోయింది. తెల్లారి బద్రుద్దీన్ సైకిలెక్కి కుల్చారం దారి పట్టాడు. బర్రెను తోలుకురావాలనే పోయాడు.

కృపాదానం ఇంటి ముందు సైకిలు దిగగానే కప్పు మీద చూపు పడింది. ఒక పక్క కప్పు లేదు, దూలాలు కనిపిస్తున్నాయి. వేప చెట్టు కింద బర్రె కట్టేసి ఉంది. పొట్ట నిండుగా, చర్మం మెరుస్తూ, కొమ్ములకు నూనె రాసి ఉంది. గోడ అవతల ఎడ్లు. ఎర్రదాని పక్కటెముకలు బయటికి తేలి కనిపిస్తున్నాయి. మచ్చలది తల నేలకు ఆనించి పడుకుంది, ఈగలను తోలుకోవడానికి తోక కూడా ఆడించడం లేదు.

బద్రుద్దీన్ అలవాటుగా వంగి పుల్ల తీసుకున్నాడు. బర్రె పేడలో జొన్నచొప్ప ఉంది, నిరుటిది, పొగ చూరినది. ఇంటి కప్పుకు కప్పినది. ఎడ్ల దగ్గర అదీ లేదు. వేపాకు, తాటాకు పీచు, ఇంత మన్ను.

ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

"కూసోండ్రి సేటు," అని కృపాదానం మంచం వాల్చాడు. "బర్రె ఎట్లున్నదో చూసిండ్రా?"

"మస్తున్నది. ఎడ్లే బక్కగైనయి."

"వాటిదేమున్నది? రాళ్లు తిని బతికే జాతని మీరే అంటిరి గదా," అని నవ్వాడు కృపాదానం. "గిప్పుడు రాళ్లకు తక్కువ లేదు."

బద్రుద్దీన్ నవ్వలేదు. లేచి బర్రెను కట్టేసిన గూటం దగ్గరికి పోయి తాడు మీద చెయ్యి వేశాడు. ముడి ఇంకా విప్పలేదు. కృపాదానం మొహం నుంచి నవ్వు దిగిపోయింది.

"ఏం తప్పు జరిగింది సేటు? మేత తక్కువ వెట్టిన్నా?"

"గది కాదు కృపా..."

"మరేంది? నడి ఊర్లకెల్లి ఇప్పుడు మీరు దాన్ని తోలుకపోతే, పాలు పశువును మాడ్చిండంటరు. మళ్ల నా మొకం చూసి ఎవరిస్తరు?"

లోపలి నుంచి దీనమ్మ గొంతు వినిపించింది. "తోలుకపోనీయరాదు! ఇంటి కప్పు గూడ దాని కడుపులకే వాయె. రేపు మనల్ని గూడ నములుతది."

"నోర్ముయ్యవే! సేటు ముంగట గవేం మాటలు?"

"నిజమంటే నోరు మూసుకోవాల్నా? ఎడ్లు వోతే నువ్వు పటేలు దొడ్లెకు వోతవు, నేను ఆయనింట్ల పేడ తీస్త. గీ బర్రె ఏం దున్నుతదా మన చెలక?"

బద్రుద్దీన్ చెయ్యి ఇంకా తాడు మీదే ఉంది. అప్పుడు అతని లోపల రెండు లెక్కలు నడిచాయి. బర్రెను తోలుకుపోతే ఈ మనిషి పేరు పోతుంది, అది ఒకటి. దాని కింద ఇంకొకటి ఉంది. మెదక్‌లో తన దొడ్డికి తోలుకుపోతే దీనికి మేత తాను కొనాలి. కొన్నా, ఇంటి కప్పు పీకి పెట్టేవాడు దొరకడు. ఈ కరువులో ఈ బర్రెను ఈనేదాకా నిలబెట్టగల చెయ్యి ఇదొక్కటే. తాడు మీద నుంచి చెయ్యి తీయించింది మొదటి లెక్కా, రెండోదా అన్నది అతనికే తేలలేదు.

"ఊకె ముడి గట్టిగున్నదా లేదా చూసిన," అన్నాడు. "ఒక బస్తా పల్లిపిండి పంపుత. మేత నీదని నాకెరుకే. గిది నా సంతోషం."

పిండి పంపాడు. ఎడ్లకూ ఇంత పడుతుందనుకున్నాడు. నోరు తెరిచి మాత్రం చెప్పలేదు. సేటు పంపిన పిండి సేటు బర్రెదేనని కృపాదానం చిటికెడు కూడా ఎడ్ల గంపలో వేయలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. చెబితే అతని నిజాయితీని తక్కువ చేసినట్టవుతుందని ఒకరు, వాడుకుంటే నమ్మకం చెడుతుందని ఇంకొకరు. ఇద్దరూ మర్యాదస్తులే, ఆ మర్యాద ఖరీదు ఎడ్ల మీద పడింది.

ఎండలు ముదిరినాక, ఒక అంగడి పూట, కృపాదానం ఎడ్లను తోలుకుని మెదక్ వచ్చాడు. గుంపులోంచి నేరుగా బద్రుద్దీన్ దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. ఎర్రది నడిచినంత సేపే నడిచి, నిలబడగానే ముందు కాళ్లు మడిచి కూలబడింది.

"గిదేంది కృపా?"

"బర్రెకు దినాలు దగ్గరవడ్డయి సేటు. మోటబావి కాడ ఒకాయన పచ్చి చొప్ప అమ్ముతుండు. ఈనేదాంక గడవాలె గదా."

"పిచ్చోడా! ఎడ్లనమ్మి బర్రెను మేపుతరా ఎవరన్న? ఇంటికి తోలుకపో. ఆ చొప్పేదో నేను..."

"ఇంటికాడిదాంక నడువయి." కృపాదానం గొంతు మామూలుగానే ఉంది. "పొద్దుగాల ఇద్దరం వట్టి లేపితే లేచింది ఎర్రది. ఆడ వడిపోతే తోలు గూడ మిగలది. ఈడైతే ఏదన్న వస్తది. మీరు దినాం కొంటనే ఉన్నరు గదా, గివి గూడ కొనుండ్రి."

అంగడి పద్ధతి ప్రకారం బద్రుద్దీన్ భుజం మీది తుండుగుడ్డ తీసి ఇద్దరి చేతుల మీద కప్పాడు. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర అడగాలి, వేళ్లు నొక్కి ధర చెప్పాలి. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకూడదు. కృపాదానం వేళ్లు కదల్లేదు. ఎండు కట్టెల్లా అట్లాగే ఉన్నాయి.

"అడుగు," అన్నాడు బద్రుద్దీన్ మెల్లగా.

"మీ బర్రె మేతకెంతయితదో గంత."

బద్రుద్దీన్ ఆ ఎడ్లు చేసే ధరకు ఎన్నో రెట్లు ఎక్కువగా వేళ్లు నొక్కాడు. గుడ్డ కిందనే కృపాదానం కొన్ని వేళ్లను వెనక్కి మడిచాడు. "ధర్మం వద్దు సేటు. బేరం బేరమే."

సాయంత్రం లారీ వచ్చింది. మచ్చలది లారీకి ఆనించిన పలక మీద తానే ఎక్కింది. ఎర్రదాన్ని నలుగురు ఎత్తాల్సి వచ్చింది. అమ్మినవాడు మెడ పలుపు ఇవ్వకూడదని ఆనవాయితీ. కృపాదానం రెండు పలుపులూ విప్పి భుజాన వేసుకుని, లారీ కదలకముందే పోయాడు.

బర్రె సుఖంగా ఈనింది. ఆడదూడ, తల్లిలాగే నల్లనిది. ఇంత కరువులో చూడి బర్రెను కాపాడిన చెయ్యి అని చుట్టు పల్లెలు చెప్పుకున్నాయి. ఇద్దరు వ్యాపారులు తమ పడ్డలను పాలుకిస్తామని కృపాదానం గుమ్మానికి వచ్చారు. దేనికోసం ఎడ్లను వదులుకున్నాడో ఆ పేరు నిలబడింది. ఆ పేరును ఏ నాగలికి కట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మిరుగం నాడు, మృగశిర కార్తె మొదలవుతూనే, వాన పడింది. ఏడాదిన్నర మొహం దాచుకున్న వాన, సిగ్గు తీరేటట్టు కురిసింది. పల్లెల్లో నాగళ్లు బయటికి వచ్చాయి. బద్రుద్దీన్ ఎడ్ల కోసం బయలుదేరాడు. లాభానికి కాదు, ఒక్క జత, పొట్టివైనా సరే. కుల్చారం, శివ్వంపేట, ఆ పైన ఎక్కడ అంగడి ఉందంటే అక్కడికి. అంగళ్లన్నీ ఖాళీ. ఉన్న జతలకు ఇంటి తలుపులూ పొలం గట్లూ కలిపి అమ్మినా సరిపోని ధర, అప్పటికీ యజమానులు ఇవ్వం పొమ్మంటున్నారు. శివ్వంపేటలో ఒక ముసలి రైతు అతన్ని గుర్తుపట్టి, చుట్ట తీసి నవ్వాడు.

"ఎడ్లు గావాల్నా సేటు? మాకంటే నీకే ఎరుక గదా అవి ఏడికి వొయినయో. లారీలెక్కిచ్చింది నువ్వేనాయె."

బద్రుద్దీన్ వెనక్కి మళ్లాడు. ఏ దిక్కు గడ్డికి ఏ దిక్కు పశువో తెలిసినవాడు, దున్నే వేళకు తన తాలూకాలో ఒక్క జతను చూపించలేకపోయాడు.

కృపాదానం పల్లె చేరేసరికి విత్తే పదును దాటుతోంది. చెలకలో దీనమ్మ ఒక్కతే గడ్డపారతో నేల పెళ్లగిస్తోంది. ఒక మూల మాత్రం గీసి, కొర్రలు చల్లింది. అవి పైపైన గోకినా మొలుస్తాయి. మిగతా చెలక అట్లాగే పడి ఉంది.

"పటేలు కాడ కుదిరిండు," అన్నది తల ఎత్తకుండా. "ఏడాదికి. గింజలు గూడ తెచ్చుకున్నం, ఇంట్ల లేకుండె."

ఆమె పారను నేలలోనే నిలబెట్టి, బర్రెను విప్పుకొచ్చింది. దూడ వెంట వచ్చింది.

"బర్రె, దూడ రెండు మీయే," అన్నాడు బద్రుద్దీన్. "నాకు సగం వద్దు, ఏమొద్దు."

"మీరు గిట్లంటరని ఆయన ముందే చెప్పిండు. జీతగాని ఇంట్ల బర్రెను ఎవరు మేపుతరు? ఆయన అటు వాయె, నేను పటేలింట్ల వాకిలి ఊడువాలె. తోలుకపోండ్రి. మా సగం మీకు తోచినప్పుడు ఇయ్యండ్రి, ఇయ్యకున్న ఏమనం." తాడు అతని చేతిలో పెట్టి, మళ్లీ పార అందుకుంది.

మెదక్ దారి పటేలు పొలం పక్క నుంచే పోతుంది. పది నాగళ్లు నడిచే మడి, ఇప్పుడు ఒక్క నాగలే నడుస్తోంది. గట్టు మీద గొడుగు కింద ఇంద్రకరణ్ రెడ్డి కూర్చుని ఉన్నాడు. నాగలి వెనక కృపాదానం. అతను ఎడ్లను అదిలించిన గొంతు వినగానే బర్రె నిలిచిపోయింది. బద్రుద్దీన్ లాగాడు. కాళ్లు నేలలో పాతినట్టు నిలబడి, మెడ సాచి అరిచింది.

"ఏంది సేటు, నీ బర్రె మా జీతగాన్ని పిలుస్తున్నది," అన్నాడు పటేలు నవ్వుతూ. వెంటనే పొలం వైపు తిరిగి, "నిలవడకురా! తడి ఆరిపోతది," అన్నాడు.

కృపాదానం నిలబడలేదు. సాలు చివరిదాకా వచ్చి, బాట పక్కన నాగలి మళ్లిస్తూ, ఎడ్ల మీద నుంచి చూపు తీయకుండానే మాట్లాడాడు.

"కొత్త చోట కుడితి ముట్టది సేటు. కొన్ని దినాలు తౌడు అరచేతిల వెట్టి నాకియ్యండ్రి. మెల్లెగ అలవాటైతది."

"కృపా, వచ్చే ఏడన్న..."

"దూడను ఎండల కట్టకుండ్రి," అన్నాడు కృపాదానం. నాగలి మళ్లింది. రెండడుగులు వేసి, అప్పుడు వెనక్కి చూశాడు. బద్రుద్దీన్‌ను కాదు.

"పోవే," అన్నాడు. బర్రె చెవులు కదిపింది. "పో, పోవే."

అది ఒకసారి ముక్కు ఎగబీల్చి, మెదక్ దిక్కు తిరిగి నడిచింది. దూడ దాని వెంట పరిగెత్తింది. బద్రుద్దీన్‌కు తాడు లాగాల్సిన పని లేకపోయింది.